ఎంటీవీలో పాటలు ఎప్పుడు ఆగిపోయాయి, ఎందుకు ఆగిపోయాయి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎంటీవీ అంటే పాటల చానెల్ అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. నేను చూసినప్పటి నుంచీ రోడీస్, స్ప్లిట్స్‌విల్లా లాంటి రియాలిటీ షోలు తప్ప ఏమీ లేవు. నిజంగా ఒకప్పుడు అందులో పాటలే వేసేవారా? యూట్యూబ్ వచ్చాకే పాటలు పోయాయా?"

మొదటి ప్రశ్నకు జవాబు అవును, రెండోదానికి కాదు. యూట్యూబ్ వచ్చింది 2005లో. ఎంటీవీ పాటల నుంచి పక్కకు జరగడం అంతకు దాదాపు ఇరవై ఏళ్ళ ముందే మొదలైంది. నేను చాలాకాలం తెలుగు మ్యూజిక్ చానెళ్ళలో ప్రోగ్రామింగ్ విభాగంలో పనిచేశాను. ఏ గంటలో ఏ పాట పడాలి, ఎక్కడ బ్రేక్ ఇవ్వాలి అని ఎఫ్‌పీసీ, అంటే రోజు కార్యక్రమాల పట్టిక, వేయడమే నా పని. అందుకే ఎంటీవీ కథ చదివేటప్పుడు నా కళ్ళు ముందు డబ్బు లెక్క వైపే వెళ్తాయి. పాట ఎవరిది, దాని వీడియోకు ఖర్చు పెట్టింది ఎవరు, ప్రకటనల డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది? ఈ మూడూ పట్టుకుంటే మిగతా చరిత్ర అంతా దాని వెనకే వస్తుంది.

ఎంటీవీ 1981 ఆగస్టు 1న, అర్ధరాత్రి దాటిన ఒక్క నిమిషానికి అమెరికాలో మొదలైంది. వార్నర్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కలిసి పెట్టిన వార్నర్ అమెక్స్ అనే కంపెనీ దాని యజమాని. తెర మీద రాకెట్ ఎగరడం, చంద్రుడి మీద మనిషి నిలబడడం చూపించి, అక్కడ పాతిన జెండాలో చానెల్ లోగో పెట్టారు. ఆ దృశ్యం మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ మాటలు వేయాలనుకున్నారు కానీ ఆయన ఒప్పుకోలేదు. దాంతో మాటలు తీసేసి బీప్ శబ్దాలు పెట్టారు. తర్వాత చానెల్ పెట్టినవాళ్ళలో ఒకడైన జాన్ ల్యాక్ గొంతు ఒక్క వాక్యం పలికింది, వెంటనే బగుల్స్ బృందం పాట 'వీడియో కిల్డ్ ద రేడియో స్టార్' పడింది.

మొదటి గంటల రికార్డింగ్ చూస్తే నాకు భలే ఆత్మీయంగా అనిపిస్తుంది. ఒక టేపు అయిపోయి ఇంకో టేపు పెట్టేలోపు తెర నల్లగా అయిపోతుంది. అంతా టేపుల మీద నడిచే కాలం అది, టేపు మార్చే మనిషి చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే దేశమంతా చీకటి చూడాల్సిందే. బీటా టేపుల మీద చానెల్ నడిపినవాళ్ళకి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో బాగా తెలుసు. పైగా ఆ రాత్రి న్యూయార్క్ మాన్‌హాటన్‌లోని కేబుల్‌లో ఎంటీవీ రానే రాదు. తాము తయారుచేసిన చానెల్‌ని తాము చూడడానికి సిబ్బంది నది దాటి న్యూజెర్సీలోని ఫోర్ట్ లీకి వెళ్ళి, ఒక రెస్టారెంట్‌లో కూర్చుని చూశారు.

ఇప్పుడు డబ్బు సంగతి. చానెల్‌కి రూపం ఇచ్చిన రాబర్ట్ పిట్‌మన్ రేడియో నుంచి వచ్చినవాడు. అప్పటికి అతని వయసు 27. అమెరికా రేడియోలో పాట వేసినందుకు రచయితకు, స్వరకర్తకు రాయల్టీ వెళ్తుంది కానీ రికార్డు కంపెనీకి ఏమీ ఇవ్వరు. పాట రేడియోలో వినబడితే రికార్డు అమ్ముడవుతుంది కాబట్టి కంపెనీలే రికార్డులు తెచ్చి ఇచ్చి, వేయమని బతిమాలేవి. అదే పద్ధతిని టీవీకి ఎక్కించారు. వీడియో తీయడానికి ఖర్చు రికార్డు కంపెనీది, టేపు ఇచ్చేది వాళ్ళే. చానెల్ దాన్ని ఊరికే తీసుకుని వేసి, మధ్యలో ప్రకటనలు అమ్ముకుంటుంది. సరుకుకి పైసా పెట్టుబడి లేకుండా రోజుకి 24 గంటల చానెల్ అన్నమాట. వార్నర్ అమెక్స్‌కి ఈ ఊహ నచ్చడానికి ముఖ్య కారణం ఇదే.

చిక్కేమిటంటే ఊరికే వచ్చే సరుకు కూడా అప్పుడు ఎక్కువ లేదు. మొదట్లో చానెల్ దగ్గర ఉన్నవి సుమారు 250 వీడియోలు. అమెరికన్ బృందాల్లో చాలామందికి వీడియోలే లేవు. బ్రిటన్‌లో మాత్రం టీవీ కార్యక్రమాల కోసం ప్రమోషన్ వీడియోలు తీయడం అప్పటికే అలవాటు. అందువల్ల అమెరికా చానెల్ తెర నిండా బ్రిటిష్ బృందాలు కనిపించాయి. డురాన్ డురాన్, హ్యూమన్ లీగ్ లాంటి పేర్లు అమెరికా రేడియోలో వినబడకముందే ఎంటీవీ వచ్చే చిన్న ఊళ్ళలో తెలిసిపోయాయి. ఓక్లహామాలోని టల్సా లాంటి చోట్ల, స్థానిక రేడియో వేయని బృందాల రికార్డులు కావాలని జనం షాపులకి రావడం మొదలైంది. రికార్డు కంపెనీలు కళ్ళు తెరిచింది అప్పుడే. తర్వాత వీడియో లేకుండా పెద్ద పాట విడుదల కావడం అరుదైపోయింది.

కేబుల్ ఆపరేటర్లు మాత్రం అంత త్వరగా దిగిరాలేదు. కుర్రాళ్ళు చూసే చానెల్ మాకెందుకు అన్నారు. 1982లో ఎంటీవీ ఆపరేటర్లని వదిలేసి నేరుగా ప్రేక్షకుల దగ్గరికి వెళ్ళింది. "నా ఎంటీవీ నాకు కావాలి" అని పెద్ద రాక్ స్టార్లు కెమెరాలోకి చూసి అరుస్తారు, మీ కేబుల్ వాళ్ళకి ఫోన్ చేయండి అంటారు. మిక్ జాగర్ డబ్బు లేనిదే చేయనంటే, చానెల్ మనిషి లెస్ గార్లండ్ ఒక్క డాలర్ నోటు బల్ల మీద పెట్టి ఒప్పించాడని చెబుతారు. ఫోన్లు వెల్లువెత్తాయి. ఆ ఏడాది ముగిసేలోపు మాన్‌హాటన్ కేబుల్‌లోకి కూడా ఎంటీవీ వచ్చేసింది.

ఇక్కడ ఒక విషయం దాటవేయకూడదు. తొలి రెండేళ్ళు ఎంటీవీలో నల్లజాతి గాయకులు చాలా అరుదు. "మాది రాక్ చానెల్, వాళ్ళది ఆ కోవ కాదు" అనేది చానెల్ సమాధానం. నల్లజాతి గాయకుడు రిక్ జేమ్స్ పత్రికల్లో బాహాటంగా విమర్శించాడు. 1983లో బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ ఇంటర్వ్యూకి వచ్చి, ప్రశ్నలు అడగాల్సిన వీజే (పాటల మధ్య మాట్లాడే వ్యాఖ్యాత) మార్క్ గుడ్‌మన్‌నే ఎదురు ప్రశ్నించాడు: మీ చానెల్‌లో నల్లవాళ్ళు ఎందుకు కనబడరు, కనబడినా తెల్లవారుజామున రెండున్నర తర్వాతే ఎందుకు? గుడ్‌మన్ చిన్న ఊళ్ళ ప్రేక్షకుల గురించి ఏదో చెప్పబోతాడు. బౌవీ గొంతు పెంచడు, వదిలిపెట్టడు కూడా. టీవీలో పనిచేసే ప్రతి ఒక్కరూ చూడాల్సిన సంభాషణ అది. "ప్రేక్షకుడు ఒప్పుకోడు" అనే మాట వెనక చానెల్ తన సొంత భయాన్ని ఎలా దాచుకుంటుందో అందులో స్పష్టంగా తెలుస్తుంది. మన చానెళ్ళలోనూ జానపదాలకి, ప్రైవేట్ పాటలకి చోటు అడిగినప్పుడల్లా నేను విన్న జవాబు సరిగ్గా ఇదే.

ఆ ఏడాది మార్చిలో మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' ఎంటీవీలో పడింది. వేయకపోతే మా కళాకారులందరి వీడియోలూ వెనక్కి తీసుకుంటామని సీబీఎస్ రికార్డ్స్ అధిపతి వాల్టర్ యెట్నికాఫ్ బెదిరించాడని ఒక వాదన ఉంది. అలాంటిదేమీ లేదు, మేమే వేశాం అని చానెల్ పెద్దలు అంటారు. ఏది నిజమైనా, సరుకు ఎవరి చేతిలో ఉందో ఆ గొడవ బయటపెట్టింది. కంపెనీ టేపులు ఆపేస్తే చానెల్ దగ్గర వేయడానికి ఏమీ మిగలదు.

డిసెంబరులో 'థ్రిల్లర్' వచ్చింది. దాదాపు 14 నిమిషాల వీడియో, తీసింది సినిమా దర్శకుడు జాన్ లాండిస్. అంత ఖర్చు పెట్టడానికి రికార్డు కంపెనీ వెనకాడింది. వీడియోలకి డబ్బు ఇవ్వకూడదన్నది ఎంటీవీ నియమం, ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు. అందుకని 'థ్రిల్లర్ తయారైన విధానం' అనే డాక్యుమెంటరీ కొంటున్నట్టు ఎంటీవీ రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చింది, షోటైమ్ చానెల్ ఇంకొంత ఇచ్చింది. ఆ డబ్బుతోనే వీడియో తయారైంది. నా దృష్టిలో ఎంటీవీ చరిత్రలో ఇది పెద్ద మలుపు, ఎందుకంటే ఊరికే వచ్చే సరుకు అనే పునాదికి మొదటి బీట పడింది ఇక్కడే. 1984లో పెద్ద రికార్డు కంపెనీలకి డబ్బిచ్చి, కొన్ని వీడియోలు కొంతకాలం మాకే ఇవ్వాలని ఒప్పందాలు రాసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో సీఎన్ఎన్ అధిపతి టెడ్ టర్నర్ పోటీగా ఒక మ్యూజిక్ చానెల్ పెట్టి, 34 రోజులకే మూసేసి, దాన్ని ఎంటీవీకే అమ్మేశాడు. ఆ చోటులో 1985 జనవరి 1న వీహెచ్1 అనే ఇంకో పాటల చానెల్ మొదలైంది. ఎంటీవీ కూడా 1985లోనే వయాకామ్ అనే మీడియా కంపెనీ చేతికి వెళ్ళింది.

మీ ప్రశ్నకి అసలు సమాధానం ఇక్కడుంది. 1985 తర్వాత ఎంటీవీ రేటింగులు జారడం మొదలైంది. కొత్తదనం పోయింది. అన్నిటికంటే పెద్ద సమస్య పాట స్వభావంలోనే ఉంది, దాన్ని నేను కళ్ళారా చూశాను. మాకు వారం వారం వచ్చే రేటింగు షీట్లలో నిమిషం నిమిషానికి గీత ఉండేది. ఆ గీత పక్కన ఆ గంట పాటల జాబితా పెట్టి చూసేవాళ్ళం. పాట నడుస్తున్నంతసేపు గీత నిలబడుతుంది. పాట అయిపోయి, తర్వాతి పాట మొదటి పది పదిహేను సెకన్లలో నచ్చకపోతే గీత నిట్టనిలువుగా పడిపోతుంది. సీరియల్‌లో అలా ఉండదు. తర్వాత ఏమవుతుందో తెలియాలి కాబట్టి బ్రేక్‌లో కూడా కూర్చుంటారు. మ్యూజిక్ చానెల్‌కి గంటకి పది పన్నెండు చోట్ల ప్రేక్షకుడు జారిపోయే దారి తెరిచే ఉంటుంది. ప్రకటన ఇచ్చే కంపెనీకి కావలసింది ఆ బ్రేక్‌లో కదలకుండా కూర్చున్న మనిషి. అందువల్ల ఎంతమంది పాటల చానెల్ పెట్టుకుని ఇంట్లో తిరుగుతున్నా, ప్రకటన రేటు మాత్రం పెరగదు.

ఎంటీవీ కూడా ఆ గీతనే చూసింది. 1987లో గేమ్ షో వచ్చింది. 1992 మేలో 'ద రియల్ వరల్డ్' వచ్చింది: ఒకరికొకరు తెలియని ఏడుగురు కుర్రకారు న్యూయార్క్‌లోని ఒకే ఇంట్లో ఉంటారు, కెమెరాలు వాళ్ళని వెంటాడతాయి. మొదట రచయితలు, నటులతో సీరియల్ తీద్దామనుకున్నారు. అది ఖర్చు కాబట్టి మామూలు మనుషుల్నే పెట్టేశారు. మనకి బిగ్‌బాస్‌గా అలవాటైన రకం కార్యక్రమాలకి దారి వేసిన వాటిలో ఇది ముఖ్యమైనది. రికార్డు కంపెనీతో సంబంధం లేదు, కార్యక్రమం పూర్తిగా చానెల్ సొంతం. మళ్ళీ మళ్ళీ వేసుకోవచ్చు, వేరే దేశాలకి అమ్ముకోవచ్చు.

అలాగని ఆ కాలమంతా పాటకి చెడ్డకాలం అనుకోవద్దు. నన్నడిగితే ఎంటీవీ పాటకి చేసిన గొప్ప సేవ ఈ మధ్యకాలంలోనే జరిగింది. 1988లో 'యో! ఎంటీవీ ర్యాప్స్' మొదలైంది. అయిదేళ్ళ ముందు నల్లజాతి గాయకుల్ని దూరం పెట్టిన అదే చానెల్, హిప్‌హాప్‌ని వారం వారం అమెరికా పల్లెల దాకా తీసుకెళ్ళింది. చూసేవాళ్ళు ఎక్కడ భయపడతారో అన్న పాత అనుమానం ఒక్క దెబ్బతో తేలిపోయింది, అది చానెల్‌లో ఎక్కువమంది చూసే కార్యక్రమాల్లో ఒకటైంది. 1989లో 'అన్‌ప్లగ్డ్' వచ్చింది. కరెంటు గిటార్లు పక్కన పెట్టి, చిన్న వేదిక మీద, కొద్దిమంది ముందు కూర్చుని పాడడం. ఎరిక్ క్లాప్టన్ 1992లో అలా పాడిన ఆల్బమ్‌కి గ్రామీలు వరుస కట్టాయి. 1993 నవంబరులో నిర్వాణ అనే రాక్ బృందం పాడిన రాత్రి, దాని గాయకుడు కర్ట్ కోబేన్ తమ హిట్ పాటలు చాలావరకు వదిలేసి వేరేవాళ్ళ పాటలు ఎంచుకున్నాడు. వేదిక మీద కొవ్వొత్తులు, లిల్లీ పూలు. చివరి పాటలో చివరి మాటలకి ముందు అతను ఒక్క క్షణం కళ్ళు తెరిచి ఊపిరి తీసుకుంటాడు, గమనించండి. స్టూడియోలో ఎన్ని టేకులు చేసినా అలాంటిది దొరకదు. ఇవి కూడా చానెల్ తన డబ్బుతో తీసిన కార్యక్రమాలే. తన సొంతమైన చోట ఎంటీవీ పాటను బాగా చూసుకుంది.

1998లో 'టీఆర్ఎల్' (టోటల్ రిక్వెస్ట్ లైవ్) వచ్చింది, టైమ్స్ స్క్వేర్ స్టూడియో కింద అభిమానుల గుంపులతో. అందులో పాటని పూర్తిగా వేయడం తక్కువ, ఒక ముక్క వేసి మిగతా సమయం కేకలు, అతిథులు. పాటల కార్యక్రమంలో కూడా పాట తగ్గిపోయిందంటే అప్పటికే పరిస్థితి ఎక్కడికి వచ్చిందో చూడండి. అది 2008లో ఆగిపోయింది. 2010లో లోగో కింద ఉండే 'మ్యూజిక్ టెలివిజన్' అనే మాటలు తీసేశారు. యూట్యూబ్ వచ్చేసరికే ఈ మార్పు చాలావరకు జరిగిపోయింది. కాకపోతే అది రికార్డు కంపెనీలకి పాత బాకీ తీర్చుకునే దారి చూపించింది. 2009 చివర పెద్ద కంపెనీలు కొన్ని కలిసి వీవో అనే సొంత వీడియో సంస్థ పెట్టుకుని, ఎవరైనా వీడియో చూస్తే ప్రకటన డబ్బు తమకే వచ్చేలా చేసుకున్నాయి. 1981లో ఊరికే ఇచ్చింది ఇక ఎవరికీ ఊరికే ఇవ్వనక్కర్లేదు.

మన దేశం సంగతికి వస్తాను, మీరు చూసిన రోడీస్ అక్కడే ఉంది కదా. అప్పటిదాకా మనకి టీవీలో పాట అంటే దూరదర్శన్‌లో చిత్రహార్, శుక్రవారం చిత్రలహరి. 1991లో హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ మొదలైనప్పుడు ఆ గుత్తిలో ఎంటీవీ కూడా ఉంది. మేడల మీద పెద్ద డిష్‌లు పెట్టిన కేబుల్ వాళ్ళ దయవల్ల మన ఊళ్ళకీ వచ్చింది. 1994లో స్టార్‌కి, ఎంటీవీకి చెడింది. ఎంటీవీ వెళ్ళిపోగానే ఆ స్థానంలో స్టార్ 'చానెల్ వి' పెట్టింది. ఇది మన రుచి పట్టుకుంది. హిందీ పాటలు, మన యాస, మన హాస్యం. చానెల్ వి ప్రోమోల్లో పుట్టిన కౌబాయ్ పాత్ర క్విక్ గన్ మురుగన్ చాలా ఏళ్ళ తర్వాత సినిమాకెక్కితే, 2009లో ఆ వేషం వేసింది మన రాజేంద్రప్రసాద్ గారే.

ఎంటీవీ 1996లో సొంతంగా తిరిగొచ్చింది. మొదట ఇంగ్లీషు పాటలతో నెట్టుకొద్దామని చూసి, నడవక, హిందీ సినిమా పాటలకి మారింది. ఇండిపాప్‌కి అది మంచి కాలం. హరిహరన్, లెస్లీ లూయిస్‌ల కలోనియల్ కజిన్స్ లాంటివాళ్ళు సినిమాతో పనిలేకుండా ఇంటింటికీ తెలిశారు. అయితే మన దగ్గర ఎక్కువ పాటలు సినిమావి, హక్కులు ఆడియో కంపెనీవి. సినిమా విడుదల ముందు ప్రోమో పాటలు నిర్మాత వైపు నుంచి ఊరికే వస్తాయి. తర్వాత పాత పాటలతో గంటలు నింపాలంటే ఆడియో కంపెనీకి డబ్బు కట్టాలి. ప్రకటన రేటు పెరగదు, పాట ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది.

2003లో రోడీస్ వచ్చిందీ ఈ లెక్కలోంచే. స్పాన్సర్ హీరో హోండా. కార్యక్రమం మొత్తం ఆ బైకుల మీదే నడుస్తుంది. పాట మధ్యలో బైకు అమ్మడం కుదరదు, రోడీస్‌లో బైకు లేకుండా కథే లేదు. దీంట్లో నాకు కోపమేమీ లేదు, ఆ కుర్చీలో ఎవరున్నా అదే చేసేవారు. 2011లో కోక్ స్టూడియో, మన అన్‌ప్లగ్డ్ మొదలయ్యాయి, రెహమాన్ కూడా వచ్చి పాడారు. అంటే ఇక్కడ కూడా చానెల్, స్పాన్సర్ కలిసి సొంతంగా తీసిన చోటే పాట బాగుంది.

తెలుగులో ఈ సంగతి మన దేశపు ఎంటీవీ కంటే ముందే పసిగట్టినవాళ్ళు ఉన్నారని నా నమ్మకం. ఈటీవీ 1996లో 'పాడుతా తీయగా' మొదలుపెట్టింది. బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల చేత పాడించి, ఎక్కడ శ్రుతి తప్పారో, సాహిత్యంలో ఏ మాట ఎందుకు పడిందో చెబుతుంటే జనం బ్రేక్‌లో కూడా కదలలేదు. పాట వేరొకరిది, కార్యక్రమం మాత్రం చానెల్ సొంతం. తర్వాత వచ్చిన మా లాంటి 24 గంటల పాటల చానెళ్ళు ఫోన్ కాల్స్, తెర కింద స్క్రోల్ అయ్యే ఎస్సెమ్మెస్‌ల మీద కొన్నాళ్ళు నిలబడ్డాయి. ఫోన్ చేసి, "ఈ పాట మా ఆవిడ కోసం వేయండి" అని సిగ్గుపడుతూ అడిగే గొంతులు నాకు ఇప్పటికీ ఇష్టం. చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఆ ఫోన్లు తగ్గాయి.

ఇప్పటి పరిస్థితి: అమెరికాలో ఎంటీవీ న్యూస్‌ని 2023లో మూసేశారు, మరుసటి ఏడాది దాని వెబ్‌సైట్‌లోని పాత వ్యాసాలు కూడా తీసేశారు. ఎన్నో ఏళ్ళ సంగీత జర్నలిజం ఒక్కసారిగా కనబడకుండా పోవడం నాకు చానెల్ మూతపడడం కంటే ఎక్కువ బాధ కలిగించింది. 2025 డిసెంబరు 31న బ్రిటన్‌లో ఎంటీవీ మ్యూజిక్, ఎంటీవీ 80స్, ఎంటీవీ 90స్, క్లబ్ ఎంటీవీ, ఎంటీవీ లైవ్ ఆపేశారు. అక్కడ అసలు ఎంటీవీ రియాలిటీ షోలతో కొనసాగుతోంది.

మీకు ఆసక్తి ఉంటే మూడు చూడండి. 1981 నాటి మొదటి గంటల రికార్డింగ్, 1983లో బౌవీ, గుడ్‌మన్‌ల ఇంటర్వ్యూ, 1993 నాటి నిర్వాణ అన్‌ప్లగ్డ్. ఈ వరుసలోనే చూడండి. బౌవీ ఇంటర్వ్యూ అయ్యాక 'యో! ఎంటీవీ ర్యాప్స్' ఎపిసోడ్ ఒకటి దొరికితే మధ్యలో కలపండి, ఆ అయిదేళ్ళలో చానెల్ ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.